ఫోన్ పెట్టెలో సబ్బు బిళ్లలు: హబ్ లోపలి దొంగతనం, బయటి అమ్మకం (కేస్ స్టడీ)

ఫోన్ ఆర్డర్ చేస్తే సబ్బులొచ్చాయని ఫిర్యాదు రాగానే అందరి వేలూ డెలివరీ బాయ్ వైపే లేస్తుంది. కస్టమర్ కంటికి కనిపించే మనిషి అతనొక్కడే. ఈ కేసులో తొలి రెండు వారాలు అలాగే వృథా అయ్యాయి. పోయిన సరుకు ఎక్కడ అమ్ముడవుతుంది, ఎవరికి అమ్ముడవుతుంది అని మొదట్లోనే అడిగి ఉంటే దర్యాప్తు నేరుగా హబ్ (కొరియర్ కంపెనీ పార్సెళ్లను రూటు వారీగా వేరుచేసే కేంద్రం) లోపలికి వచ్చేది.

ఇది ఏదో ఒక ఎఫ్ఐఆర్‌కు నకలు కాదు. ఒకే అచ్చులో జరిగే హబ్ దొంగతనాలను కలిపి కట్టిన నమూనా కేసు. హబ్‌లో జరిగిన సంగతులూ, వాటి అంకెలూ పద్ధతి అర్థం కావడానికి వేసుకున్నవి. చట్టం సెక్షన్లు, ఐఎంఈఐ (ఒక్కో ఫోన్‌కీ ఉండే గుర్తింపు నంబరు) వ్యవస్థ, బయటి కేసులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

సరుకు నడిచే దారి

హబ్ హైదరాబాద్ శివారులో, మేడ్చల్ వైపు ఉంది. సెల్లర్ల దగ్గర పికప్ చేసిన పార్సెళ్లు సాయంత్రం నుంచి బెల్టు ఎక్కుతాయి. బెల్టు మొదట్లో ఉన్న మిషన్ ఏడబ్ల్యూబీ (పార్సెల్ ట్రాకింగ్ నంబరు) బార్‌కోడ్ చదివి, తూకం, కొలతలు నమోదు చేస్తుంది. తర్వాత రూటు వారీగా సంచుల్లో వేస్తారు. సంచికి ఒక ఐడీ, మూతికి నంబరున్న ప్లాస్టిక్ సీలు. తెల్లవారుజామున నాలుగున్నరకు లైన్‌హాల్ లారీ (హబ్ నుంచి హబ్‌కు సరుకు మోసేది) బయలుదేరి సూర్యాపేట, కోదాడ వైపు ఐదు డెలివరీ హబ్‌లలో సంచులు దింపుకుంటూ పోతుంది. అక్కడ సంచి విప్పి, ఒక్కో పార్సెల్‌నీ ఇన్‌స్కాన్ చేసి (వచ్చినట్టు నమోదు చేసి), రన్‌షీట్ (ఆ రోజు పంచాల్సిన పార్సెళ్ల జాబితా) వేసి డెలివరీ బాయ్‌కి అప్పజెబుతారు.

ఏడు వారాల్లో 44 ఫిర్యాదులొచ్చాయి. 32 మంది పెట్టెలో సబ్బులున్నాయన్నారు. మిగతా 12 పార్సెళ్లు అసలు చేరనే లేదు, సంచి విప్పినప్పుడు షార్టేజ్ తేలింది. ఈ 44లో మూడు కస్టమర్ల సొంత ఆట. ఫోన్ రాలేదన్నవాళ్ల ఐఎంఈఐని బ్రాండ్ దగ్గర సరిచూస్తే, డెలివరీ జరిగిన రోజు సాయంత్రమే యాక్టివేట్ అయి ఉంది, అదీ ఆర్డర్‌లో ఇచ్చిన నంబరు సిమ్‌తోనే. వాటిని పక్కన పెడితే అసలు లెక్క 41: సబ్బులొచ్చినవి 29, చేరనివి 12.

పోని ఫోన్లు చెప్పిన సంగతి

పోయినవన్నీ 12 వేల నుంచి 22 వేల లోపు ఆండ్రాయిడ్ ఫోన్లే. అదే బెల్టు మీద, అదే రాత్రి లక్ష రూపాయల ఫోన్లు కూడా నడిచాయి. వాటిలో ఒక్కటీ పోలేదు.

దీనికి కారణాలు రెండు. 30 వేలు దాటిన సరుకును హబ్‌లో హై వాల్యూ కేజ్‌లో, అంటే తాళం వేసే జాలీ గదిలో పెడతారు. తాళం ఒకరి దగ్గర, రిజిస్టర్ ఇంకొకరి దగ్గర. ఆలోపు ధర ఉన్నది బట్టలు, చెప్పులతో కలిసి మామూలు సంచిలోకి వెళ్తుంది. రెండో కారణం హబ్ బయట ఉంది. ఖరీదైన ఫోన్ కొనేవాడు బిల్లు అడుగుతాడు, వారంటీ చూస్తాడు, ఈఎంఐ అడుగుతాడు. 14 వేలకు కొత్త ఫోన్ దొరికితే చాలనుకునే వాడు బిల్లు గురించి పట్టుపట్టడు. దొంగ ఎంచుకున్నది కేజ్ హద్దుకు లోపల ఉండి, బిల్లు లేకుండా చెల్లిపోయే సరుకు. అంటే కేజ్ హద్దు ఎంతో తెలిసినవాడు, బయట కొనే దుకాణం తెలిసినవాడు ఒక్కటయ్యారు. దారిలో లారీని దోచేవాడికి ఈ ఎంపిక ఉండదు, చేతికందింది పట్టుకుపోతాడు.

ఏ పెట్టెలో ఏముందో వాళ్లకెలా తెలుస్తుంది? కష్టమేమీ లేదు. ఇన్వాయిస్‌ని పారదర్శక కవరులో పెట్టి పైనే అతికిస్తారు. లేబుల్ మీద సెల్లర్ పేరు, క్యాష్ ఆన్ డెలివరీ అయితే మొత్తం ఎంతో అచ్చు వేసి ఉంటుంది. చాలా పెట్టెల మీద లిథియం బ్యాటరీ గుర్తు కూడా కనిపిస్తుంది. పెట్టె సైజే సగం చెప్పేస్తుంది. అమెరికాలో నెట్‌ఫ్లిక్స్ డీవీడీలను ఎర్ర కవర్లలో తపాలా ద్వారా పంపిన రోజుల్లో, వాటిని కాజేసి శిక్షపడిన తపాలా ఉద్యోగులున్నారు. కవరు చూస్తేనే లోపల ఏముందో తెలిసిపోయేది.

సబ్బు రేపర్ మీది బ్యాచ్ నంబరు

డెలివరీ బాయ్‌లను అనుమానించి, పోయిన ఫోన్ల ధరను వాళ్ల జీతంలోంచి కోశారు. ఇద్దరు పని మానేశారు. నిజానికి ఒక్క కాగితం చూస్తే చాలు, ఆ అనుమానం నిలవదు. 29 సబ్బు పార్సెళ్లు ఐదు హబ్‌లలో 17 మంది చేతుల మీదుగా వెళ్లాయి. ఇంతమంది ఒకేలా మోసం చేయాలంటే ఒకరితో ఒకరికి పరిచయమైనా ఉండాలి.

కస్టమర్లు పంపిన ఫోటోల్లో సబ్బు రేపర్లు కనిపించాయి. 29లో 21 ఫోటోలలో బ్యాచ్ నంబరు, ప్యాకింగ్ తేదీ చదవగలిగేలా ఉన్నాయి. నాలుగు ఊళ్ల నుంచి వచ్చిన ఆ 21 ఫోటోల్లో కనిపించినవి రెండే బ్యాచ్‌లు. సూర్యాపేటలో ఒకడు, కోదాడలో ఒకడు ఎవరి ఊళ్లో వాళ్లు సబ్బులు కొని ఉంటే బ్యాచ్‌లు ఇలా కలవవు. మార్పిడి ఒక్కచోటే జరిగింది, అది సంచులు విడిపోకముందే జరిగింది. ఇలాంటి ఫిర్యాదు వస్తే కస్టమర్‌ని రేపర్ వెనకవైపు కూడా ఫోటో తీసి పంపమనాలి, టేపు అంచును దగ్గరగా తీయమనాలి. కస్టమర్ కేర్ అడిగే ఫోటోల జాబితాలో ఈ రెండూ సాధారణంగా ఉండవు.

టేపు ఫోటోల్లో ఇంకో సంగతి తేలింది. సెల్లర్ వేసిన బ్రాండ్ టేపు మీద హబ్ రీప్యాక్ టేప్ ఒక పొర ఉంది. బెల్టు మీద చిరిగిన పార్సెళ్లకు మళ్లీ టేపు వేయడానికి హబ్‌లో ఒక రీప్యాక్ బల్ల ఉంటుంది. ఆ బల్లకు వెళ్లిన పార్సెల్‌కు డ్యామేజ్ స్కాన్ పడాలి. ఈ పార్సెళ్లలో ఒక్కదానికీ అది లేదు.

తూకం ఎందుకు పట్టుకోలేదు

బెల్టు మిషన్‌లో ఒక మోడల్ తూకం 418 గ్రాములు వచ్చింది. 125 గ్రాముల సబ్బులు రెండు, ఒక వార్తాపత్రిక ఉండ, పెట్టె బరువు కలిపితే 400 దాటుతుంది. డెలివరీ హబ్‌లో బల్ల కాటా మీద మళ్లీ తూచారు. తేడా పది, పదిహేను గ్రాములు. సిస్టమ్ దాన్ని వదిలేసింది, ఎందుకంటే హబ్ అంతటికీ అనుమతించిన తేడా 50 గ్రాములు. ఆ 50 బట్టల పార్సెళ్ల కోసం పెట్టింది. వానాకాలం అట్టపెట్టె తేమ పీల్చుకుంటుంది, కవరు మడత మారుతుంది, ఊరికే అలారం మోగి లైన్ ఆగిపోతుందని పెంచుకుంటూ పోయారు.

సీల్డ్ ఫోన్ పెట్టె విషయం వేరు. ఒకే మోడల్, ఒకే సెల్లర్ ప్యాకింగ్ అయితే తూకాల తేడా నాలుగైదు గ్రాములు దాటదు. పాత రికార్డు నుంచి ప్రతి మోడల్‌కూ మధ్య విలువ తీసి, అటూ ఇటూ 8 గ్రాముల హద్దు పెట్టి చూస్తే 29లో 26 పార్సెళ్లు ఇన్‌స్కాన్ దగ్గరే పట్టుబడి ఉండేవి. ఇందుకు కొత్త మిషన్ అక్కర్లేదు. సమాచారం ముందునుంచీ అక్కడే ఉంది.

రెండు స్కాన్‌ల మధ్య 40 నిమిషాలు

సంచి మరీ బరువైతే లోడర్ ఎత్తలేడు. అందుకని విప్పి రెండు సంచులు చేస్తారు. దీన్ని రీబ్యాగ్ అంటారు. పాత ఐడీ మూసి, కొత్త ఐడీ తెరిచి, కొత్త సీలు వేస్తారు. పార్సెల్‌కి ఇది ఒక మామూలు ఈవెంట్. ఎవరూ నివేదికలో వెతకరు.

41 ఏడబ్ల్యూబీల స్కాన్ చరిత్రను పక్కపక్కన పెడితే 36 పార్సెళ్లకు రీబ్యాగ్ ఉంది. అన్నీ రాత్రి రెండు నుంచి నాలుగు మధ్య, అన్నీ ఒకే లాగిన్ మీద. పాత సంచి మూసిన వేళకూ కొత్త సంచి తెరిచిన వేళకూ మధ్య మామూలుగా ఐదారు నిమిషాలుంటుంది. వీటిలో 40 నిమిషాల దాకా ఉంది. రీబ్యాగ్ అయిన సంచుల్లో చాలావాటి బరువు హద్దులోనే ఉంది. విప్పాల్సిన అవసరమే లేదు.

ఇక్కడ తొందరపడి ఆ లాగిన్ మనిషిని పట్టుకోవడం తేలిక. బయోమెట్రిక్ హాజరుతో పోల్చితే ఆ 36లో 11 సార్లు అతను డ్యూటీలోనే లేడు. షిఫ్టు మొత్తానికీ ఒకే పాస్‌వర్డ్, గోడ మీద కాగితంపై రాసి పెట్టి ఉంది. అందుకని లాగిన్‌ను పక్కనపెట్టి, ఆ రీబ్యాగ్‌లు జరిగిన రాత్రుల హాజరు పట్టీల్లో ప్రతిసారీ ఉన్నవాళ్లెవరో తీశారు. 60 మంది షిఫ్టులో ముగ్గురే మిగిలారు. ఒకడు రీప్యాక్ బల్ల హెల్పర్, ఇంకొకడు బ్యాగింగ్ కార్మికుడు, మూడోవాడు గేటు దగ్గర సూపర్‌వైజర్. మూడోవాడికి దీనితో సంబంధం లేదని తర్వాత తేలింది. హాజరు పట్టీ ఎవరిమీద దృష్టి పెట్టాలో చెబుతుంది, నేరాన్ని రుజువు చేయదు.

సీసీటీవీ వైపు వెళ్లేసరికి ఆలస్యమైంది. రికార్డర్ 15 రోజులకోసారి పాత ఫుటేజీ మీద కొత్తది రాసేస్తుంది. డెలివరీ బాయ్‌ల వెనక తిరిగిన రెండు వారాల్లోనే తొలి రాత్రుల ఫుటేజీ చెరిగిపోయింది. మొదటి ఫిర్యాదు రోజునే హార్డ్ డిస్క్ నకలు తీసి ఉంచడం తప్పనిసరి, అది వాడాల్సి వచ్చినా రాకపోయినా.

గేటు దాటిన తీరు

గార్డు చేతి డిటెక్టర్‌తో ప్రతి ఒక్కరినీ తడుముతాడు. స్టీలు క్యారేజీ దగ్గర రోజూ మోగే మిషన్‌ను ఎవరు పట్టించుకుంటారు? అయినా ఫోన్లు మనుషుల ఒంటిమీద పోలేదు. రీప్యాక్ బల్ల దగ్గర చిరిగిన అట్టలు, బబుల్ రేపర్ కుప్ప పడుతుంది. ఉదయం ఆరు గంటలకు స్క్రాప్ బండి వచ్చి ఎత్తుకెళ్తుంది. ఖాళీ ఫోన్ బాక్సులో సబ్బులు పెట్టి మూసి, ఫోన్‌ను, ఛార్జర్‌ను బబుల్ రేపర్‌లో చుట్టి అట్టల మధ్య పెట్టారు. స్క్రాప్‌ను తూచేది బండి నిండాక, డబ్బు లెక్క కోసం. విప్పి చూసేవాళ్లు లేరు. షార్టేజ్ అయిన 12 మాత్రం పెట్టెతో సహా అదే దారిలో పోయాయి. సీల్ ప్యాక్ ఫోన్‌కి బయట ధర ఎక్కువ.

బయటి అమ్మకం

స్క్రాప్ బండి డ్రైవర్ ఫోన్లను జిల్లాలోని ఒక మొబైల్ రిపేర్ దుకాణానికి చేర్చాడు. 18,999 రూపాయల ఫోన్‌కి దుకాణదారు ఇచ్చింది 9 వేలు. డ్రైవర్, రీప్యాక్ హెల్పర్, బ్యాగింగ్ కార్మికుడు ముగ్గురికీ తలా మూడు వేలు. దుకాణదారు దాన్ని 14 వేలకు అమ్మాడు. కొన్నవాడికి ఐదు వేలు మిగిలినట్టు అనిపించింది. షోరూం డెమో పీస్ అనో, ఎవరో ఈఎంఐ కట్టలేక అమ్మేశాడనో చెప్పేవాడు. బిల్లు అడిగితే రెండు రోజుల్లో ఇస్తాననేవాడు. గట్టిగా అడిగినవాళ్లకు వేరే ఫోన్ బిల్లును ఐఎంఈఐ గడి మార్చి అచ్చు వేసిచ్చాడు. ఆ కాగితాలే తర్వాత అతని మీద ఫోర్జరీ ఆధారాలయ్యాయి.

అమ్మకం ఎప్పుడూ ఇలా ఊరి దుకాణంతో ఆగదు. నంబరుతో గుర్తుపట్టలేని సరుకు, అంటే బూట్లు, సౌందర్య సామగ్రి, బట్టలు, వారపు సంతలో కలిసిపోతుంది. దాన్ని వెతకడం దాదాపు వృథా. ఫోన్‌ని భాగాలుగా అమ్మితే డిస్‌ప్లే, కెమెరా, బోర్డు వేరువేరు చోట్లకు పోతాయి. ఇక్కడ ఐఎంఈఐ బ్లాక్ అయితే, ఆ బ్లాక్ పనిచేయని దేశానికి పంపేవాళ్లున్నారు. 2024 ఏప్రిల్‌లో హైదరాబాద్ పోలీసులు 17 మందిని పట్టుకున్న కేసులో 703 ఫోన్లు దొరికాయి. నిందితుల్లో ఐదుగురు సుడాన్ దేశస్థులు, సరుకు వెళ్లేది సుడాన్‌కే. అవి పార్సెల్ ఫోన్లు కావు, కొట్టేసిన ఫోన్లు. కానీ చివరి మజిలీ రెండింటికీ ఒకటే కావచ్చు.

పై స్థాయి ఉద్యోగి దొంగ అయితే రిపేర్ దుకాణం స్థానంలో హోల్‌సేల్ వ్యాపారి వస్తాడు. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం షార్లెట్‌లోని అమెజాన్ గిడ్డంగిలో ఒక ఆపరేషన్స్ మేనేజర్ 2020 జూన్ నుంచి 2021 సెప్టెంబర్ దాకా తన అధికారాన్ని వాడి 2,73,000 డాలర్లకు పైగా విలువైన సరుకు కాజేశాడు. హార్డ్ డ్రైవ్‌లు, ప్రాసెసర్లు, గ్రాఫిక్స్ కార్డులు తన ఇంటికే షిప్ చేయించుకుని, కాలిఫోర్నియాలోని ఒక కంప్యూటర్ హోల్‌సేల్ కంపెనీకి అమ్మాడు. అతనికి స్క్రాప్ బండి అవసరం పడలేదు, కొరియర్ వ్యవస్థే సరుకు మోసింది.

ఐఎంఈఐ పట్టుకుని వెనక్కి

హబ్‌లో ఐఎంఈఐ స్కాన్ ఉండదు. అది సెల్లర్ ఇన్వాయిస్‌లో ఉంటుంది. కాబట్టి మొదటి పని ఏడబ్ల్యూబీకి ఎదురుగా ఐఎంఈఐ రాసిన పట్టిక. 41లో 37కి దొరికింది. మిగతా నాలుగింటికి సెల్లర్ ప్యాక్ చేసేటప్పుడు నమోదే చేయలేదు. రెండు సిమ్‌ల ఫోన్‌కి రెండు ఐఎంఈఐలుంటాయి, ఇన్వాయిస్‌లో తరచూ ఒకటే ఉంటుంది. రెండోది బ్రాండ్ దగ్గర అడిగి తీసుకోవాలి. ఐఎంఈఐ 15 అంకెలు: మొదటి ఎనిమిది మోడల్‌ను చెబుతాయి, చివరి అంకె మిగతా పద్నాలుగిటి నుంచి లెక్కకట్టే చెక్ అంకె. చేత్తో ఎక్కించిన పట్టికలో తప్పులు పట్టడానికి ఈ చివరి అంకె లెక్క చాలు.

37లో 22 యాక్టివేట్ అయ్యాయని బ్రాండ్ తేదీలతో చెప్పింది. ఆ తేదీలతో పోలీసులు టెలికాం కంపెనీలను అడిగితే మొదట ఏ సిమ్ వేశారో వచ్చింది. 22 నంబర్లూ మూడు మండలాలవే. కొన్నవాళ్లు ఆటో డ్రైవర్లు, డిగ్రీ విద్యార్థులు, ఒక టైలర్. అందరూ ఒకే దుకాణం పేరు చెప్పారు. అంతకన్నా బలమైనది వాళ్ల ఫోన్‌లోని యూపీఐ రసీదు. దుకాణం క్యూఆర్‌కి ఏ రోజు, ఎంత, ఏ ట్రాన్సాక్షన్ నంబరుతో కట్టారో అందులో ఉంది. దుకాణం ఖాతా నుంచి తొమ్మిది వేల చొప్పున స్క్రాప్ డ్రైవర్‌కి, అతని దగ్గర్నుంచి మూడేసి వేలు రీప్యాక్ హెల్పర్‌కి, బ్యాగింగ్ కార్మికుడికి వెళ్లాయి. నగదు ఇచ్చి ఉంటే ఇంత తేలికయ్యేది కాదు. చిన్న మొత్తాలు ఎవరి కంటా పడవన్న ధీమాతో యూపీఐ వాడారు.

పోయిన ఫోన్లను బ్లాక్ చేసే ప్రభుత్వ సీఈఐఆర్ పోర్టల్ 2023 మే నుంచి దేశమంతటా పనిచేస్తోంది. అందులో బ్లాక్ చేసిన ఐఎంఈఐ మన నెట్‌వర్క్‌లలో పనిచేయదు. అయితే పౌరులు నింపే ఫారం, ఫోన్ వాడుతూ పోగొట్టుకున్నవాళ్ల కోసం తయారైంది, అందులో సిమ్ నంబరు అడుగుతుంది. సిమ్ ఎక్కని స్టాకుకు స్టేషన్ ద్వారానే పని జరిపించుకోవాలి. ఇంకో చిక్కు: మొదటే అన్నీ బ్లాక్ చేస్తే దొంగకు కబురు అందినట్టే. ఇక్కడ యాక్టివేషన్ వివరాలు వచ్చాకే బ్లాక్ పెట్టారు. 22లో 19 ఫోన్లు స్వాధీనమయ్యాయి. మూడు స్విచ్ఛాఫ్‌లోనే ఉండిపోయాయి.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు స్టార్ హ్యాష్ 06 హ్యాష్ నొక్కి వచ్చిన నంబరును, కేవైఎం అని ముందు రాసి 14422కి ఎస్ఎంఎస్ పంపితే, ఆ ఐఎంఈఐ స్థితి తెలుస్తుంది. ఇక నంబరు మార్చేస్తే పోతుందనుకునే రిపేర్‌వాళ్లు తెలుసుకోవాల్సింది, 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం సెక్షన్ 42 కింద దానికి మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ ఉన్నాయి.

ఫిర్యాదు, సెక్షన్లు, ఆధారాలు

పార్సెళ్లు కనిపించడం లేదని రాస్తే స్టేషన్‌లో అది మిస్సింగ్ కాగితంగా మిగిలిపోతుంది. ఎవరికి అప్పగించాం, ఎక్కడ లెక్క తప్పింది, ఐఎంఈఐ పట్టిక, స్కాన్ చరిత్ర జతచేసి నమ్మకద్రోహంగా రాయాలి. భారతీయ న్యాయ సంహితలో ఉద్యోగి చేసిన దొంగతనానికి సెక్షన్ 306, ఉద్యోగి నమ్మకద్రోహానికి 316(4), రవాణాదారుడిదైతే 316(3). మూడింటికీ ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. దొంగసొత్తు కొన్న దుకాణదారుకు 317(2), మూడేళ్ల దాకా. కార్మికులు కాంట్రాక్టర్ పేరోల్ మీద ఉంటే ఎవరి ఉద్యోగి అన్న వాదన వస్తుంది. కాంట్రాక్టర్ ఒప్పందం, హాజరు పట్టీ మొదటిరోజే ఇవ్వడం మేలు. ఏ స్టేషన్ పరిధి అన్న తగవుకు నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 201(4) సమాధానం: నేరం జరిగినచోటే కాదు, సొత్తు స్వీకరించినచోటా, లెక్క చెప్పాల్సినచోటా కేసు నడవవచ్చు.

తపాలా శాఖ సరుకైతే పాతరోజుల్లో 1898 పోస్టాఫీసు చట్టం సెక్షన్ 52 ఉండేది, ఉద్యోగి దొంగతనానికి ఏడేళ్లు. 2024 జూన్ 18న అమల్లోకి వచ్చిన 2023 చట్టంలో ఆ సెక్షన్ లేదు. ఇప్పుడు తపాలా ఉద్యోగి మీదైనా న్యాయ సంహితే. పాత సెక్షన్ నంబరుతో ఫిర్యాదు రాస్తే తిప్పి పంపుతారు.

స్కాన్ లాగ్, సీసీటీవీ కోర్టులో నిలవాలంటే సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి. అందులో ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారితే మారిపోయే, వేలిముద్ర లాంటి కోడ్) రాయాలి. హ్యాష్‌ను నకలు తీసిన వెంటనే లెక్కించాలి, వాట్సాప్‌లో తిరిగిన వీడియో మీద కాదు. ఇక సెక్యూరిటీ గదిలో కూర్చోబెట్టి రాయించిన ఒప్పుకోలు పత్రం వల్ల కేసుకు మేలు కన్నా కీడే ఎక్కువ. మనిషిని గదిలో ఆపడమే ఇంకో నేరం. పోలీసుల ముందు చెప్పిన ఒప్పుకోలు కూడా సాక్ష్యం కాదు. ఆ మాటను బట్టి వస్తువు దొరికితే, దొరకడానికి దారితీసిన అంతమేరకే చెల్లుతుంది.

డబ్బు సంగతికొస్తే, ఎక్కువ విలువ ప్రకటించకుండా రోడ్డు రవాణాకు ఇచ్చిన సరుకు పోతే, 2007 రోడ్డు రవాణా చట్టం, దాని నిబంధనల ప్రకారం రవాణాదారు బాధ్యత రవాణా ఛార్జీకి పది రెట్ల దాకానే. బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లో రాతపూర్వక నోటీసు ఇవ్వకపోతే దావా నడవదు. క్రిమినల్ కేసు తేలాక చూద్దామనుకున్న సెల్లర్లు ఈ గడువు దాటబెట్టుకుంటారు.

హబ్‌లో మారినవి

రీబ్యాగ్‌కి ఇద్దరి లాగిన్ తప్పనిసరి చేశారు, బరువు హద్దు దాటని సంచికి రీబ్యాగ్ తెరుచుకోదు. వ్యక్తిగత లాగిన్‌కు వేలిముద్ర పెట్టారు. రీప్యాక్ బల్లను గోడ మూల నుంచి కెమెరా కింద నడిమధ్యకు జరిపారు. స్క్రాప్‌ను చదును చేసి, పరిచి చూశాకే మూటగడుతున్నారు. ఇన్వాయిస్ పెట్టె లోపలికి వెళ్లింది. కేజ్ హద్దును 30 వేల నుంచి 10 వేలకు దింపబోతే కేజ్ నిండిపోయి రాత్రి లారీ ఆలస్యమైంది. చివరికి ధరను వదిలేసి, ఐఎంఈఐ ఉన్న ప్రతిదీ వేరే రంగు సంచిలో, వేరే సీలుతో పంపుతున్నారు. వారానికోసారి, తూకం సరిగ్గా సరిపోయేలా తయారుచేసిన పరీక్ష పార్సెల్ ఒకటి వదులుతారు. లోపల సిమ్ వేసి ఆన్ చేసిన సొంత ఫోన్ ఉంటుంది. ఏ రూటులో వెళ్తుందో హబ్‌లో ఎవరికీ చెప్పరు.

స్వాధీనమైన 19 ఫోన్ల కోసం నాగరిక్ సురక్షా సంహిత 497 కింద కోర్టులో దరఖాస్తు వేశారు. వస్తువు కోర్టు ముందుకొచ్చిన 14 రోజుల్లో వివరాలు, ఫోటోలు తయారు కావాలి, ఆ తర్వాత 30 రోజుల్లో ఉత్తర్వు రావాలి. దరఖాస్తు వేయకపోతే ఫోన్లు మాల్‌ఖానాలోనే (స్వాధీనం చేసుకున్న సొత్తు ఉంచే గది) బ్యాటరీ ఉబ్బి పాడైపోతాయి. యాక్టివేట్ కాని మిగతా 15 ఐఎంఈఐల జాబితాను మూసేయలేదు. నెలకోసారి బ్రాండ్‌కి పంపి సరిచూస్తున్నారు. బ్రాండ్ సర్వీస్ సెంటర్లకూ అదే జాబితా ఇచ్చారు, ఎందుకంటే స్క్రీన్ పగిలినప్పుడు కొన్నవాడు ఫోన్ పట్టుకుని అక్కడికే వస్తాడు.